పల్లి కొరికిన తలుపు

అమీర్‌పేట, హైదరాబాద్
14 జూలై 2024

విజయేందర్ అన్నకు చెల్లెలు వనిత నమస్కారాలు.

ఇక్కడ నేనూ, నువ్వు నా చేతుల్లో పెట్టిపోయిన కుక్కపిల్లా బాగున్నాం. ఊళ్ళో అమ్మా బాపూ బాగున్నారు. నాట్లకు మనుషులు దొరకడం లేదని అమ్మ ఫోన్‌లో ఒకటే గొణుగుడు. నిన్ను చల్లగా ఉండమని రాద్దామంటే నువ్వున్న కొండల మీద చలే ఎక్కువ. అందుకని నువ్వూ నీ తోటి జవాన్లూ వెచ్చగా ఉండాలని కోరుకుంటున్నాను.

ఫోన్ కలవని చోటికి పోస్టింగ్ పడ్డది కాబట్టి, బడి రోజుల తర్వాత మళ్ళీ ఇప్పుడు ఉత్తరం రాస్తున్నాను. నీ ఉత్తరం అందింది. అందులో ముప్పాతిక భాగం కుక్కపిల్ల గురించే. చెల్లెలు తిన్నదా ఉన్నదా అని చివర్లో ఒక్క ముక్క. సరే, నీ వరసలోనే చెప్తాను.

దానికి పల్లి అని పేరు పెట్టాను. వేయించిన పల్లీల రంగు కదా, ఆ పేరే అతికింది. మెట్రో మెట్ల కింద వానలో తడుస్తుంటే తీసుకొచ్చి నా ఒళ్ళో పెట్టి నువ్వు రైలెక్కిపోయావు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో కుక్కల్ని రానివ్వరని నీకేం తెలుసు? కుక్కో నువ్వో తేల్చుకోమంది వార్డెనమ్మ. ఇద్దరం కలిసి బయటికొచ్చేశాం.

పెళ్ళి కాని ఆడపిల్ల, పైగా చంకలో కుక్కపిల్ల. అమీర్‌పేట సందుల్లో టులెట్ బోర్డు ఉన్న ప్రతి గుమ్మం ఎక్కి దిగాను. చివరికి మెట్రో స్టేషన్ వెనక అచ్యుతరావు గారి ఇల్లు దొరికింది. ఆయనది రాజమండ్రి వైపు. కోచింగ్ సెంటర్ల దగ్గర జిరాక్స్, లామినేషన్ షాపు ఉంది. తెల్లచొక్కా, నుదుట సన్నటి బొట్టు, మెత్తటి మాట. కుక్క ఉందని భయపడుతూనే చెప్పాను. ఆయన మొహం చిట్లించలేదు సరికదా, మంచిదేనమ్మా, ఇంట్లో కాస్త చప్పుడుంటుంది అన్నారు. ఇట్లాంటి ఓనర్ కూడా ఉంటాడా అని ఆశ్చర్యపోయాను.

మొదటి అంతస్తు అంతా ఒకప్పుడు ఒకటే ఇల్లట. దాన్ని రెండు పోర్షన్లు చేసి చిన్నది నాకిచ్చారు, పెద్దదాంట్లో ఆయన ఉంటారు. ఆయన భార్య కమలకుమారి గారు రాజమండ్రిలో తమ్ముడి దగ్గర ఉంటోందట. ఇక్కడి గాలి ఆమెకు పడలేదన్నారు. పొద్దున నేను పంజాగుట్టలో ల్యాబుకు బయల్దేరే వేళకే ఆయన కూడా తన తలుపుకు పెద్ద తాళం వేసి షాపుకు పోతారు. రెండు పోర్షన్ల మధ్య పాత తలుపు ఉండేదట. అవతల నుంచి మేకులు కొట్టేసి, నా హాలు వైపు ప్లైవుడ్ బిగించారు. నా మంచం దాని పక్కనే.

ఇక అసలు బాధ. పల్లిని ఇంట్లో ఒంటరిగా వదిలితే చాలు, కొరకని వస్తువు లేదు. నా చెప్పులు పోయాయి. చీపురు పోయింది. పరుపు మూల చించి దూదంతా పరిచింది. ఒకరోజు ఛార్జర్ వైరు రెండు ముక్కలైంది. స్విచ్ ఆపి వెళ్ళాను కాబట్టి బతికింది. మొదట్లో నేను తిరిగొచ్చాక దాన్ని బాగా తిట్టేదాన్ని. తిడితే మూలకు పోయి ముడుచుకుని కూర్చునేది. మర్నాడు ఇంకా ఎక్కువ కొరికేది.

మా ల్యాబు దగ్గరే రవళి అని కుక్కల డాక్టరమ్మ ఉంది. చూపించాను. పళ్ళు మారే వయసు, చిగుళ్ళు దురదపెడతాయి, ఒంటరితనం తోడైతే ఇట్లాగే చేస్తుంది అంది. ఎప్పుడో చేసిన తప్పుకు ఇంటికొచ్చాక తిడితే దానికి అర్థం కాదట, మనిషి తిరిగిరావడమంటేనే భయం పట్టుకుంటుందట. పొద్దున్నే బాగా తిప్పి అలసిపోనివ్వాలి. బోలు రబ్బరు బొమ్మలో పెరుగు నింపి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి, బయటికెళ్ళేటప్పుడు ఇవ్వాలి. కొరకకూడని వాటికి చేదు మందు పూయాలి. పోయేటప్పుడు ముద్దులు, వీడ్కోళ్ళు పెట్టుకోకుండా మామూలుగా పోవాలి. సెలవు రోజుల్లో కొద్దిసేపు బయటికి పోయి రావడం, మెల్లగా ఆ సేపు పెంచడం చేస్తే, పోయిన మనిషి తిరిగొస్తుందని దానికి నమ్మకం కుదురుతుందట.

అచ్యుతరావు గారికి కూడా ఈ సంగతి చెప్పాను. ఆయన మెట్ల మీద ఆగి శ్రద్ధగా విన్నారు. తర్వాత అన్నారు, "అలవాటు చెయ్యాలమ్మా. మొదట్లో ఏడుస్తారు, తలుపులు గీకుతారు. మనం పలక్కూడదు. కొన్నాళ్ళకి వాళ్ళే ఊరుకుంటారు."

కుక్కను పట్టుకుని ఏడుస్తారు, గీకుతారు అనడమేంటి! కోస్తా మర్యాద కుక్కలకు కూడా దక్కిందని గదిలోకొచ్చి నవ్వుకున్నాను.

ఇంకో ఉత్తరంలో పల్లి ఫోటో పెడతాను. ఒంటి మీద స్వెటర్ తియ్యకు.

నీ చెల్లెలు,
వనిత


అమీర్‌పేట
11 ఆగస్టు 2024

అన్నకు వనిత నమస్కారాలు. నువ్వు పంపిన ఉన్ని టోపీ ముట్టింది. హైదరాబాద్ ఉక్కపోతలో అది పెట్టుకుంటే నన్ను ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపుతారు, అయినా దాచుకున్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. బోనాలకు ఊరికి పోలేకపోయాను, పల్లిని ఎవరికి అప్పజెప్పాలో తెలియక.

దాని సంగతి రాస్తాను. డాక్టరమ్మ చెప్పినవన్నీ ఒక్కటి కూడా తప్పకుండా చేశాను. పొద్దున వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పుతున్నాను. దోశల బండి దగ్గర అందరికీ అది తెలిసిపోయింది. పెరుగు గడ్డ బొమ్మను చూస్తే చాలు, నేను ఎటు పోయినా పట్టించుకోదు. చెప్పులు ముట్టడం మానింది. పరుపు జోలికి పోవడం లేదు. నేను రాగానే తోక ఊపుకుంటూ ఎదురొస్తోంది, భయపడి ముడుచుకోవడం లేదు. ఇదంతా చూస్తే నాకే గర్వంగా ఉంది.

కానీ ఒక్క చోటు మాత్రం వదలడం లేదు. మంచం పక్కన ఉన్న ఆ ప్లైవుడ్. దాని అడుగు భాగం రోజూ కొరుకుతోంది. చేదు మందు పూశాను, నాకేసింది. వేపనూనె రాశాను, లెక్కచెయ్యలేదు. మంచం అడ్డం జరిపితే మంచం కిందికి దూరి కొరికింది. ఇప్పుడు దాని మూతి పట్టేంత సందు పడ్డది.

డాక్టరమ్మకు చెప్పాను. "మనిషి కోసం బెంగపడే కుక్క, మనిషి బయటికెళ్ళిన తలుపునే కొరుకుతుందండి. ఇది మీ గుమ్మం వైపు చూడను కూడా చూడట్లేదంటున్నారు. అవతల ఏముంది?" అంది. ఓనర్ ఇల్లు, పగలు తాళం వేసి ఉంటుంది అన్నాను. ఎలుకలున్నాయేమో చూడమంది. ఇంకో మాట కూడా అడిగింది, ఇంత అన్నం ఎందుకు పెడుతున్నారని. పల్లి బరువు ఉండాల్సిన దానికన్నా ఎక్కువుందట. నేను కొలిచి పెడుతున్నానంటే నమ్మలేదు.

ఆ మాట నా మనసులో పడ్డాక కొన్ని గమనించాను. సాయంత్రం నేనొచ్చేసరికి పల్లికి ఆకలి ఉండటం లేదు. ఒకరోజు దాని మూతికి నెయ్యి వాసన. మన ఇంట్లో నెయ్యే లేదు అన్నా. ఇంకోరోజు దాని నోట్లో ఏదో మెరుస్తుంటే వేలు పెట్టి తీశాను. ఆకుపచ్చ గాజు ముక్క. నేను గాజులు వేసుకోనని నీకు తెలుసు. ఎప్పుడో ఉన్నవాళ్ళది ఊడ్పులో మిగిలిపోయిందని సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ రోజు స్నానానికి పోయేటప్పుడు రెండుసార్లు గడియ చూసుకున్నాను.

ల్యాబులో కూర్చుంటే చేతులు పని చేస్తున్నాయి కానీ ధ్యాస ఇంటి మీదే. చివరికి నా పాత ఫోన్‌ను అలమర మీద పెట్టి, వీడియో ఆన్ చేసి పోయాను. సాయంత్రం వచ్చి చూశాను. నేను పోయాక పల్లి పెరుగు గడ్డ నాకింది. పడుకుంది. గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. చాలాసేపటికి, నిద్రలో ఉన్నదల్లా ఉన్నట్టుండి తలెత్తింది. ప్లైవుడ్ వైపు చూసింది. అన్నా, అది మొరగలేదు. తోక ఊపింది. నేనొచ్చినప్పుడు ఎట్లా ఊపుతుందో అట్లా. పోయి ఆ సందుకు మూతి ఆనించి పడుకుంది. ఏదో నాకుతున్నట్టు, నములుతున్నట్టు దాని దవడలు కదిలాయి. చాలాసేపు అట్లాగే ఉంది. తర్వాత లేచి ఏడుస్తూ చెక్క కొరకడం మొదలుపెట్టింది.

ఎలుక కోసం కుక్క తోక ఊపుతుందా?

మర్నాడు పొద్దున అచ్యుతరావు గారికి ఆ వీడియో చూపించాను. కళ్ళద్దాలు పైకి జరుపుకుని చివరి దాకా చూశారు. మొహంలో ఏమీ కదల్లేదు. ఎలుకలమ్మా, పాత పుస్తకాలు, కాగితాలు పెట్టాను అటు గదిలో అన్నారు. అది తీసెయ్యమ్మా ఫోన్లోంచి, ఇంటి లోపలివి ఫోన్లో ఉంచుకోకూడదు అన్నారు. ఆయన ఎదురుగానే తీసేశాను. ఎందుకు తీశానో నాకే తెలియదు. అంత మెత్తగా చెప్తే కాదనలేకపోయాను. మళ్ళీ బయటికి పోయి కుక్కతో ఇల్లు వెతుక్కోవాలన్న భయం కూడా ఉంది. నిజం చెప్పనా, అది ఎలుక అయితేనే బాగుండునని నాకూ ఉంది.

ఆ సాయంత్రమే ఆయన వడ్రంగిని తీసుకొచ్చారు, ఇనుప రేకు కూడా తెచ్చారు. ప్లైవుడ్ అడుగు భాగమంతా మూసేట్టు రేకు పరిచి స్క్రూలు బిగించారు. చివరి స్క్రూ బిగిసే దాకా ఆయన కదల్లేదు. బిగించినంత సేపూ పల్లి నా చేతుల్లో గింజుకుంది. వాళ్ళు పోయాక రేకు దగ్గర కూర్చుని చెవులు రిక్కించి చాలాసేపు విన్నది.

అవతల నుంచి ఏ చప్పుడూ రాలేదు. నేనూ విన్నాను.

జాగ్రత్త అన్నా. నీకు తోచిన మాట రాయి.

వనిత


పంజాగుట్ట
3 సెప్టెంబర్ 2024

అన్నకు వనిత నమస్కరించి రాస్తున్నది.

ఇది ల్యాబులో కూర్చుని రాస్తున్నాను. వానలకు జనం లేరు. ఫ్లైఓవర్ కింద మోకాలి లోతు నీళ్ళు, ఆటోలు తిరగడం లేదు. ఊళ్ళో అమ్మా బాపూ బాగానే ఉన్నారు, చెరువు నిండిందట. విజయవాడ సగం మునిగింది, పట్టాలు కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. టీవీ పెడితే అదే.

నీ ఉత్తరంలో, వేరే ఇల్లు చూసుకోమని రాశావు. చూస్తున్నాను. కానీ నువ్వు అంత ఫికర్ చెయ్యకు. రేకు బిగించిన తర్వాత పల్లి కొరకడం పూర్తిగా మానింది. ఇంట్లో ఒక్క వస్తువు కూడా చెడటం లేదు. డాక్టరమ్మ మెచ్చుకుంది, ఓపికగా నేర్పారు అంది. బరువు కూడా తగ్గింది.

కాకపోతే మునుపటి హుషారు లేదు. పెరుగు గడ్డ అట్లాగే కరిగి నీళ్ళవుతోంది. నేను పోయేటప్పుడు చూడదు, వచ్చేటప్పుడు లేవదు. రేకు ముందు ముక్కు ఆనించి పడుకుంటుంది. అలవాటు పడుతోంది అనుకున్నాను.

అచ్యుతరావు గారు శనివారం పొద్దున విజయవాడలో చుట్టాలింట్లో శుభకార్యమని పోయారు. ఒక్క రోజులో వచ్చేస్తాను, ఇంటిని ఒక కంట కనిపెట్టమ్మా అన్నారు. తాళం లాగి లాగి చూసుకుని పోయారు. అంతలో వాన ముంచేసింది. అక్కడే చిక్కుకుపోయారు.

ఆదివారం ఫోన్ చేశారు. క్షేమంగా ఉన్నానని చెప్పి, మా వైపు నుంచి ఏమైనా చప్పుడు వస్తోందా అమ్మా అని అడిగారు. లేదన్నాను. మంచిదమ్మా అన్నారు. నిన్న మళ్ళీ చేశారు. రైళ్ళు లేవు, రోడ్డు కూడా తెగింది అన్నారు. మళ్ళీ అదే ప్రశ్న. దొంగల భయమేమో అనుకుని, తాళం అట్లాగే ఉంది అంకుల్ అన్నాను. తాళం సంగతి కాదమ్మా, లోపల నుంచి అన్నారు. లోపల ఏముంటుంది అంకుల్ అన్నాను. ఎలుకలమ్మా అన్నారు.

ఈ పొద్దున కూడా చేశారు. ఈసారి గొంతు వేరుగా ఉంది. చప్పుడు రావట్లేదు కదా అన్నారు. రావట్లేదు అంకుల్ అంటే, ఊపిరి వదిలినట్టు వినిపించింది. సంతోషంతో వదిలారో, దేనితో వదిలారో తెలియదు.

పల్లి మాత్రం ఆదివారం నుంచి ఏడుస్తోంది. ఒంటరిగా ఉన్నప్పుడే కాదు, నేను పక్కన కూర్చున్నా కూడా. మెడ ఎత్తి, సన్నగా. మేడ మీద ఉండే చక్రపాణి గారు వచ్చి ఏంటమ్మా ఈ ఏడుపు, మంచిది కాదు అని చెప్పిపోయారు. డాక్టరమ్మ నిద్రకు చుక్కల మందు ఇచ్చింది. ఈ సాయంత్రం నుంచి వెయ్యాలి. అది పడుకుంటే నాకూ కాస్త నిమ్మళంగా ఉంటుంది.

వాన తగ్గాక పోస్టులో వేస్తాను. నీ క్షేమం కోరే

వనిత


తా.క.

4 సెప్టెంబర్, సాయంత్రం

అన్నా, ఇది పోస్టు చెయ్యకముందే రాయాల్సింది చాలా జరిగింది. పైన రాసిందాంట్లో నేను గొప్పగా చెప్పుకున్న ప్రతి మాటా తప్పు.

నిన్న సాయంత్రం ఇంటికి పోయేసరికి పల్లి నోరంతా నెత్తురు. రేకు అంచు పట్టి లాగింది. చిగుళ్ళు చీరుకుపోయాయి. ఒక పంటి ముక్క కింద పడుంది. అయినా ఆగలేదు. నేను పట్టుకుంటే నన్ను విదిలించుకుని మళ్ళీ రేకు దగ్గరికే పోయింది. చుక్కల మందు సీసా చేతిలో ఉంది. దాన్ని చూశాను, నెత్తురు అంటిన రేకును చూశాను. మందు పక్కన పడేసి స్క్రూడ్రైవర్ తెచ్చాను.

రేకు ఊడాక పల్లి పాత సందులోకి మూతి దూర్చి ఏడ్చింది. దాన్ని పక్కకు లాగి, నేల మీద బోర్లా పడుకుని, ఫోన్ లైటు వేసి చూశాను. అవతలి తలుపు కింద, గచ్చు మీద, వేళ్ళున్నాయి. ఆడమనిషి వేళ్ళు. మణికట్టుకు ఆకుపచ్చ గాజులు.

ఎవరది అన్నాను. వేళ్ళు కదల్లేదు. పల్లి నన్ను తోసుకుని దూరి వాటిని నాకింది. చాలాసేపు నాకింది. అప్పుడు ఒక వేలు మెల్లగా వంగి దాని ముక్కును తాకింది.

చక్రపాణి గారిని పిలుచుకొచ్చాను. ఆయన సుత్తి తెచ్చారు, నేను పోలీసులకు, అంబులెన్సుకు ఫోన్ చేశాను. నా హాలు వైపు నుంచే ప్లైవుడ్ పీకి పాత తలుపు పగలగొట్టారు. కిటికీలకు లోపల నుంచి చెక్కలు కొట్టి ఉన్నాయి. వంటగదికి తాళం. ఆమె తలుపుకు ఆనుకుని పడిపోయి ఉంది. ఒంట్లో షుగర్ ఉన్న మనిషి, ఆయన పెట్టిపోయింది అయిపోయి ఆదివారం మధ్యాహ్నం నుంచి తిండి లేదు, మందు లేదు. బాత్రూమ్ కొళాయి నీళ్ళు తాగి బతికింది.

ఆమె కమలకుమారి గారు. రాజమండ్రికి పోనే లేదు అన్నా. రెండేళ్ళుగా ఆ తలుపు దాటలేదు. ఒకసారి ఆయన కొట్టడం భరించలేక తమ్ముడింటికి బస్సెక్కితే, తీసుకొచ్చి ఇట్లా పెట్టాడు. ఇక్కడివాళ్ళకు తమ్ముడింట్లో ఉందని చెప్పాడు. తమ్ముడికి, మీ అక్కకు మతిపోయింది, మిమ్మల్ని చూస్తే ఇంకా ఎక్కువవుతోంది, రావద్దు అని చెప్పాడు. ఆమెకు మతి ఏమాత్రం పోలేదని ఆస్పత్రిలో డాక్టర్లు చెప్పారు. ఆ మాట చెప్పక్కర్లేదు, ఆమెతో రెండు నిమిషాలు మాట్లాడితే ఎవరికైనా తెలుస్తుంది.

స్ట్రెచర్ మీద పడుకోబెడుతుంటే ఆమె కళ్ళు తెరిచి పగిలిన తలుపు వైపు చూసింది. మొదట అన్న మాట, "తలుపేసేయండమ్మా. ఆయనొస్తే కోప్పడతారు."

ఈ పొద్దున ఆస్పత్రిలో సెలైన్ ఎక్కుతుండగా పక్కన కూర్చున్నాను. ప్లైవుడ్ అవతల నుంచి నా మాటలన్నీ ఆమెకు వినిపించేవట. నేను పల్లితో ముచ్చట్లు పెట్టడం, ఫోన్‌లో అమ్మతో మాట్లాడటం, అన్నీ. నేను పోయాక గచ్చు మీద వేలితో తట్టేదట, పల్లి వచ్చేదట. తన కంచంలోది దానికి పెట్టేదట. పగటి పూట అదొక్కటే తోడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకున్నాకే పల్లి కొరకడం మొదలుపెట్టేది. ఆమె దగ్గరికి పోవాలని.

అంత దగ్గర నేనుంటే నన్నెందుకు పిలవలేదమ్మా అని అడిగాను. ఆమె నా మొహం చూసింది, కోపంగా కాదు. "నువ్వు ఆయనతో చక్కగా మాట్లాడేదానివి కదమ్మా. అన్నీ ఆయనకే చెప్పేదానివి. నిన్నెలా పిలవను?" అంది.

అన్నా, వీడియో చూపించింది నేను. రేకు బిగిస్తుంటే కుక్కను గట్టిగా పట్టుకుంది నేను. రోజూ ఏ చప్పుడూ లేదని ఆయనకు చెప్పింది కూడా నేనే. ఆయన ఆ మాట ఎందుకు అడిగాడో ఇప్పుడు అర్థమైంది. లోపల మనిషి ఆకలితో ఉందని ఆయనకు తెలుసు. నాకు ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు. ఫోన్ చేసి, ఇంకా చప్పుడు ఉందా లేదా అని మాత్రం కనుక్కున్నాడు.

నేను ఆస్పత్రిలో ఉండగానే ఆయన ఫోన్ వచ్చింది. ఎస్సై నవీన గారు పక్కనే ఉన్నారు. స్పీకర్ పెట్టమని సైగ చేశారు. రైళ్ళు మొదలయ్యాయమ్మా, ఎక్కాను, సాయంత్రానికి వచ్చేస్తాను అన్నాడు. తర్వాత ఎప్పటిలాగే అడిగాడు, మా వైపు ఏమైనా చప్పుడు వస్తోందా అని. మంచం మీద కమలకుమారి గారు ఆ గొంతు విని దుప్పటి మొహం మీదికి లాక్కుంది. లేదు అంకుల్, ఏ చప్పుడూ లేదు అన్నాను. మంచిదమ్మా అన్నాడు.

రైల్వే స్టేషన్‌కే పోయి పట్టుకోవచ్చు కదా అని అడిగాను నవీన గారిని. "తాళం ముట్టకుండ్రి. ఆయన చేతితోనే తియ్యనిద్దాం. లోపల ఎవరున్నరో తెల్వదని రేపు అనకుండ ఉండాలె గద" అన్నారు.

ఇప్పుడు ఇంటికొచ్చాం, వాన ఆగింది. ఆయన తలుపుకు ఆ పెద్ద తాళం ఎట్లా వేసిపోయాడో అట్లాగే వేలాడుతోంది. నా హాల్లోంచి పగిలిన తలుపు గుండా పోయి ఇద్దరు కానిస్టేబుళ్ళు అటు గదిలో లైటు వెయ్యకుండా కూర్చున్నారు. నవీన గారు నా పక్కన ఉన్నారు. పల్లి కట్టుకట్టిన మూతితో నా ఒళ్ళో పడుకుంది, నేను దాని మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను.

అది ఇప్పుడే తలెత్తింది. తోక ఊపడం లేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు.